పలమనేరు పచ్చిగడ్డి, పాత చక్రం

టమాటా ధర ముంచిన ఏడు పలమనేరు పల్లెల్లో ఇంటిని నిలబెట్టేది పాల డబ్బే. అందుకే అక్కడ కాస్త తడి ఉన్న ప్రతి పొలంలోనూ ఒక మూల గడ్డి కనిపిస్తుంది. నేను వెళ్లిన ఇంట్లో ఐదు జెర్సీ సంకర ఆవులు, బావి పక్కన అరెకరం కో-4 గడ్డి ఉన్నాయి. సజ్జనూ నేపియర్‌నూ కలిపి కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు తయారుచేసిన రకం అది. కణుపులు నాటిన 70–75 రోజులకు మొదటి కోత, ఆ తర్వాత 40–45 రోజులకొకటి.

ఇంటావిడ కొడవలితో మొదలంటా కోసి మోపు కట్టారు. పెద్దాయన దాన్ని తెచ్చి పాక వెనక మిషన్ దగ్గర దించారు. పోత ఇనుముతో చేసిన పాత చాఫ్ కట్టర్ అది, రంగు ఎప్పుడో పోయింది. పెద్ద చక్రానికి వంపు తిరిగిన రెండు కత్తులు, గడ్డి పెట్టే తొట్టి, దాని మూతి దగ్గర పళ్ల రోలర్లు రెండు. ఒకప్పుడు చేత్తో తిప్పేవారట, ఇప్పుడు బెల్టు వేసి మోటారుకు తగిలించారు.

మోటారు వేయకముందు ఆయన కత్తులకు ఆకురాయి పట్టారు. తర్వాత చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ, కత్తి అంచుకూ కింది పలకకూ మధ్య కాగితం పెట్టి చూశారు. కాగితం తెగింది.

"నలిగిందంటే బోల్టు బిగించాల సామీ. లేకుంటే కాడ తెగదు, పీచులేస్తుంది. ఆవు మూతి పెట్టదు," అన్నారు.

ఈ శ్రద్ధే నాకు ఎంతో నచ్చింది. గడ్డి నిలువునా వేస్తే ఆవు ఆకు తిని కాడ వదిలేస్తుంది. అంగుళం ముక్కలు చేస్తే రెండూ కడుపులోకి పోతాయి. ఒక్కో ఆవుకు రోజుకు 25–30 కిలోల పచ్చిగడ్డి పెడతారు, మాంసకృత్తుల కోసం చెనక్కాయ కట్టె కలుపుతారు. ఏ పూటకాపూటే కోస్తారు. పచ్చి ముక్కలు కుప్పగా ఉంటే వేడెక్కి చెడిపోతాయి మరి.

ఇంత బాగా కోస్తున్న మిషన్ మార్చమని ఎలా అంటాను? అయితే రోలర్ల మీద కప్పు లేదు. ఆయన మనవడు చక్రం పక్కనే నిలబడి ముక్కలు ఎగదోస్తున్నాడు, నా చూపంతా ఆ చేతుల మీదే ఉంది. చక్రం చేత్తో తిప్పే మనిషి అరుపు వింటే ఆపుతాడు, మోటారు ఆగదు. ఉత్తర భారత పల్లెల్లో చాఫ్ కట్టర్ ప్రమాదాలను ఐఐటీ ఢిల్లీ ఆచార్యులు దినేశ్ మోహన్ బృందం అధ్యయనం చేసింది. గాయపడినవారిలో పిల్లలూ ఉన్నారు. కత్తులకు కప్పు, పని లేనప్పుడు చక్రం తిరక్కుండా తాళం ఉండాలని వాళ్లు చూపించారు.

వెల్డింగ్ కొట్టులో అయ్యే పనే ఇది. రోలర్ల మీదా కత్తుల మీదా రేకు కప్పు, చెయ్యి రోలర్ల దాకా అందనంత పొడవు తొట్టి, చక్రం తిరక్కుండా ఒక మేకు. పెద్దాయనతో అదే చెప్పాను. మీ పాక వెనకా ఇలాంటి మిషన్ ఉంటే ఈ వారమే చేయించండి. అప్పటిదాకా పిల్లల్ని దాని దగ్గరికి రానివ్వకండి.