రొయ్య పడని గట్టు

చింతల్నార్ సంతలో ఆకు దొప్ప చేతికొచ్చేసరికి అతనికి గుర్తొచ్చింది ఇంగ్లండులోని ఒక పబ్బు. నల్లటి దూలాలు, కిందికి వంగిన పైకప్పు, మూలన నిప్పుగూడు. 2015లో, చదువుకోవడానికి వెళ్లిన కొత్తలో, స్నేహితులు పట్టుబట్టి తీసుకెళ్లారు. ఫిష్ అండ్ చిప్స్ చెప్పీ చెప్పకముందే బల్ల దగ్గరి అమ్మాయి అడిగింది, మీకు ఏవైనా అలర్జీలున్నాయా అని.

అతనికి నోరు పెగల్లేదు. భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మధ్య పుట్టి రొయ్య పడదని చెప్పుకోవడం ఆ రోజు వరకూ అతనికి నామోషీ. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లు "ఒక్క ముక్కకేం కాదండీ" అంటుంటే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరిగాడు. పదేళ్ల వయసులో వంకాయ కూరలో కలిసిన గుప్పెడు ఎండు రొయ్యపొట్టుకే పెదవులు వాచి, ఊపిరాడక, అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తాల్సి వచ్చింది. అయినా బంధువుల దృష్టిలో అది వేషమే.

పబ్బులో మాత్రం ఆ అమ్మాయి నవ్వలేదు. లోపలికెళ్లి అడిగొచ్చి, స్కాంపీ వేయించే నూనెలోనే చేపా, బంగాళాదుంపలూ వేయిస్తామనీ, మీకది మంచిది కాదనీ చెప్పింది. స్కాంపీ కూడా రొయ్య జాతిదే. 2014 డిసెంబరు నుంచి అక్కడ 14 రకాల అలర్జీ పదార్థాల గురించి హోటళ్లు చెప్పి తీరాలి. చివరికి అతను తిన్నది ఓవెన్లో కాల్చిన బంగాళాదుంప, వెన్న. (రొయ్య రుచి అని రాసుండే చిప్స్ పొట్లాలు చాలావాటిలో అసలు రొయ్యే ఉండదని కూడా అక్కడే తెలిసింది.)

ఇక్కడ ఆ చట్టం లేదు. మన దేశంలోనూ 2020 నిబంధనలు పొట్లాలపై అలర్జీ పదార్థాలు రాయమన్నాయి, పెద్ద హోటళ్లను మెనూలో చెప్పమన్నాయి. సంతలో ఆకు దొప్పకు మెనూ ఎక్కడిది? పైగా ఇది చింతల్నార్. ఆ పేరు వినగానే బయటివాళ్లకు తట్టేది 2010 ఏప్రిల్ 6, దగ్గర్లోని తాడ్‌మెట్ల అడవిలో ప్రాణాలు కోల్పోయిన 76 మంది జవాన్లు. దోర్నపాల్ దగ్గరి హైవేకి నలభై కిలోమీటర్ల పైమాటే. సంచిలో అడ్రినలిన్ ఆంప్యూలూ సిరంజీ ఉన్నాయి. తొడకు పొడుచుకుంటే కాస్త సమయం దొరుకుతుంది, అంతే. ఆ తర్వాత కావలసింది ఆస్పత్రి. వైద్య శిబిరంతో వచ్చినవాడు కాబట్టి ఆ లెక్క అతనికి బాగా తెలుసు.

దొప్పలో ఉన్నది చాప్డా. చెట్ల మీద ఆకుల్ని కుట్టి గూడు కట్టే ఎర్ర చీమల్ని, వాటి గుడ్లతో సహా మిరపకాయ, ఉప్పు వేసి నూరిన పచ్చడి. పుల్లగా నోరూరిస్తుందంటారు. రొయ్యకూ చీమకూ ఏం సంబంధం అనిపిస్తుంది కానీ, రెండూ దూరపు చుట్టాలే. రొయ్యలో ఒంటికి పడని మాంసకృత్తుకు పోలికైనది పురుగుల్లోనూ ఉంటుంది. 2021లో యూరప్ ఎండబెట్టిన పురుగును ఆహారంగా అనుమతించినప్పుడు, రొయ్య పడనివాళ్లకు ఇదీ పడకపోవచ్చని పొట్లం మీద రాయమన్నది అందుకే. చింతల్నార్ దొప్ప మీద ఎవరు రాస్తారు?

తినకపోతే పెట్టినామెకు కోపం వస్తుందేమో. ఈ అడవిలో బయటివాడు ముద్ద వద్దంటే దానికి వేరే అర్థాలు కూడా తీస్తారు. కోంటా ప్రాంతపు దోర్లా కోయల మాటలో తెలుగు కలిసే ఉంటుంది కనుక అతను ధైర్యం చేసి తెలుగులోనే అన్నాడు.

"అమ్మా, నాకు రొయ్య పడదు. చీమా పడదేమో."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "మీ గట్టుకు పడదా?"

గట్టంటే కోయల్లో వంశం వంటిది. గోండు, కోయ తెగల్లో చాలా వంశాలకు తినకూడని ప్రాణి ఒకటి ఉంటుంది. ఒకరికి తాబేలు, ఇంకొకరికి మేక. తింటే తప్పు. ఎవరూ "ఒక్క ముక్కకేం కాదు" అనరు. అలర్జీ అన్న మాట తెలియని చోట దాని మర్యాద మాత్రం ఎప్పట్నుంచో ఉంది. భీమవరంలో ముప్పయ్యేళ్లు అతను వెతికింది ఇదే. అబద్ధమని తెలిసీ తలూపాడు.

ఆమె చాప్డా దొప్ప వెనక్కి తీసుకుంది. అంతటితో ఆగలేదు. పక్కనున్న ఆకుకూర కుండకేసి చూపించి, "ఇదీ వద్దు, ఎండు రొయ్యపొడి వేసినా," అంది. ఆ కుండ సంగతి అతనికి తట్టనే లేదు. కూర చూస్తే ఉత్త ఆకుకూరలా ఉంది.

ఆ తర్వాత కొత్త దొప్ప కుట్టి, రాగి జావ పోసి, పక్కన ఉప్పూ చింతపండూ పెట్టింది. చింతపండు తీసిన రాయి చీమల్ని నూరిన రాయేనా అని అడగబోయి, అడిగితే బాగుండదేమో అనుకుని, మళ్లీ అడిగాడు. కాదంది. నవ్వుతూనే చెప్పింది.

జావ సగం అయ్యేసరికి జీలుగు కల్లు కుండ వచ్చింది. పోసే ముసలాయనకు ఆమె దూరం నుంచే కేకేసి చెప్పింది, ఆ డాక్టరు బాబు గట్టుకు రొయ్య పడదు, ముంత కడిగి పొయ్యమని.