ఊనిక ఎక్కడ?

గురులఘువుల మీద పెరిగిన చెవి మనది. 'గది' అంటే ఇంట్లోని గది. అదే కాస్త సాగదీసి 'గాది' అంటే ధాన్యం పోసుకొనేది. మన మాటల్లో నిడివి మారితే అర్థం మారుతుంది. ఒక అక్షరాన్ని నొక్కి పలికినంత మాత్రాన మాత్రం మారదు; పలికినవాడికి కోపం వచ్చిందో, ముద్దు వచ్చిందో తెలుస్తుంది, అంతే. అందుచేతనే ఇంగ్లీషు వ్యాకరణం, స్పెల్లింగు ఎంత శ్రమపడి పట్టుకొన్నా, ఏ అక్షరం మీద ఊనాలన్న దగ్గర మనం తడబడతాము. (అక్షరమంటే ఇక్కడ ఒక్క విసురులో పలికే ముక్క అని భావించాలి.) ముప్పై ఏళ్లకు పైగా కళాశాలలో ఇంగ్లీషు బోధించిన నన్ను విద్యార్థులు వేధించిన ప్రశ్న ఇది: "దీనికి సూత్రమేమిటి మాస్టారూ?"

సూత్రాలు లేకపోలేదు. 'ఫొటోగ్రాఫ్'లో ఊనిక మొదటి అక్షరం మీద, 'ఫొటోగ్రాఫర్'లో రెండవదాని మీద, 'ఫొటోగ్రాఫిక్'లో మూడవదాని మీద. మనం మూడింటినీ ఒకే బాణీలో లాగించేస్తాము. 'ఆబ్జెక్ట్'లో మొదటి అక్షరం ఊనితే వస్తువు, రెండవది ఊనితే అభ్యంతరం చెప్పడం. స్వరం తప్పితే అర్థం తప్పుతుందన్న సంగతి ఈ దేశానికి కొత్త కాదు. ఇంద్రుణ్ణి చంపగల కొడుకు కావాలని హోమం చేసిన త్వష్ట 'ఇంద్రశత్రు' అన్న మాటలో స్వరం తప్పినాడట. ఇంద్రుణ్ణి చంపవలసినవాడు ఇంద్రుని చేతిలో చచ్చేవాడుగా పుట్టినాడు. ఈ కథ చెప్పగానే వెనుక బల్లల వారు కూడా తలలెత్తేవారు.

కనుక ఊనికను తేలికగా తీసుకోమని నేను ఎన్నడూ చెప్పలేదు. మన ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు బోధపడుతున్నదో పరీక్షించి ఆర్.కె. బన్సల్ రాసిన గ్రంథాన్ని హైదరాబాదులోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ 1969లో ప్రచురించినది. బోధపడకపోవడానికి ఆయన చూపిన ముఖ్యకారణాల్లో ఊనిక తప్పడం ఒకటి.

అయితే బోధపడకపోవడం వేరు, నవ్వులపాలు చేయడం వేరు. కొన్నేళ్ల క్రితం నా శిష్యురాలు ఒకతె ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు వెళ్లినది. రైతు కుటుంబపు పిల్ల, ఆర్థికశాస్త్రంలో ప్రథమశ్రేణి. నదీజలాల వివాదం గురించి చెబుతూ 'కాంట్రవర్సీ' అన్న మాటను రెండవ అక్షరం మీద ఊని పలికినదట. సభ్యులలో ఒకాయన నవ్వి, మొదటి అక్షరం మీద ఊని, ఆమె చేత రెండుసార్లు అనిపించినాడట. ఆ తరువాతి ప్రశ్నలకు ఆమెకు నోరు పెగలలేదు.

ఆ పెద్దమనిషి బడిలో నేర్చినది తప్పేమీ కాదు. అమెరికావారు నేటికీ అలాగే పలుకుతారు. కాని జాన్ వెల్స్ 1990లో వెలువరించిన ఉచ్చారణ నిఘంటువు కోసం బ్రిటన్‌లో అభిప్రాయాలు సేకరించినప్పుడు, రెండవ అక్షరం మీద ఊనేవారే ఎక్కువమంది అని తేలినది. నిఘంటువు తెరిచి ఆమెకు చూపించినాను. "రెండూ ఉన్నాయా మాస్టారూ?" అని పుస్తకం చేతిలోకి తీసుకొని చాలాసేపు చూచినది. ఉద్యోగం మాత్రం రాలేదు.

ఇంగ్లీషువారి మధ్య ఈ తగవు ఈనాటిది కాదు. 'బాల్కనీ' అన్న మాట ఒకప్పుడు రెండవ అక్షరం మీద ఊనికతో ఉండేది. అది మొదటి అక్షరానికి జరిగినప్పుడు శామ్యూల్ రోజర్స్ అనే కవి (1763–1855) ఆ కొత్త పలుకుబడి వింటే తనకు కడుపులో తిప్పుతుందని వాపోయినాడు. నేడు పాత పద్ధతిలో అంటే లండన్‌లో ఎవరికీ అర్థం కాదేమో! 1926లో బి.బి.సి. రేడియో ప్రకటనకర్తల కోసం ఉచ్చారణ సలహాసంఘాన్ని ఏర్పరచినది. ఆస్థానకవి రాబర్ట్ బ్రిడ్జెస్, ఆయన తరువాత బెర్నార్డ్ షా అధ్యక్షులు. అంతటివారు కూర్చొని తేల్చిన మాటల్లో కొన్నింటిని ఆ సంఘమే మళ్లీ మార్చుకోవలసివచ్చినది. 1939లో యుద్ధం రావడంతో దాని సమావేశాలు ఆగిపోయినాయి.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది 'రికార్డు' కథ. నామవాచకంగా ఆ మాటకు నేటి ఇంగ్లీషులో మొదటి అక్షరం మీద ఊనిక. 'రెకర్డ్' అన్నట్లు వినిపిస్తుంది. మనం 'రికార్డు' అంటే చదువుకొన్నవారు సవరిస్తారు. కాని 1791లో మొదట వెలువడిన ఉచ్చారణ నిఘంటువు కర్త జాన్ వాకర్, తన కాలంలో న్యాయస్థానాలలో ఆ మాటను చివరి అక్షరం మీద ఊని పలకడమే ఎక్కువ అని రాసినాడు. పొలం కాగితాల కోసం రెవెన్యూ కార్యాలయం మెట్లెక్కి "రికార్డులో నా పేరు చూడండి బాబూ" అనే రైతు నోట ఊనిక పడుతున్నది సరిగ్గా అక్కడనే.