రవ్వ దూరే సందు

నెల్లూరు తీరంలో ఇళ్ళు కట్టించే ఇంజనీరుకు భయమంటే నీళ్ళూ గాలే. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను, 1989 నవంబరులో కావలి దగ్గర దాటిన తుపాను, 2004 డిసెంబరు 26 సునామీ: మా పునాదుల ఎత్తు, స్లాబు మందం, చూరు పొడుగు అన్నీ వీటిని తలుచుకునే నిర్ణయించాం. నిప్పు సంగతి తాటాకుతోపాటే తీరిపోయిందనుకున్నాం. సర్కారు ఇళ్ళ పథకాల్లో నా ఉద్యోగమంతా పాకలు తీయించి మిద్దెలు వేయించడంతోనే గడిచింది. విడవలూరు మొదలు వాకాడు దాకా జాలర్ల పట్టపుపాలేల్లో నేను టేపు పట్టని వీధి తక్కువ. అలాంటివాణ్ణి రిటైరయ్యాక నాకోసం కట్టుకున్న ఇంటిని రవ్వలకు అప్పగించాను.

స్థలం అరవై అంకణాలు. తూర్పున సముద్రం, పడమట బకింగ్‌హామ్ కాలవ, మధ్యలో సర్వి తోపు, తోపు అంచున మా ఇల్లు. ఇటుక గోడలు, పాత ఇళ్ళు పడగొట్టినచోట కొన్న టేకు దూలాలు, వాటిమీద సర్వి రీపర్లు, పైన బంగళా పెంకులు. ముందు వెడల్పాటి తాటాకు పంచ. దాని కింద నులకమంచం, ఉయ్యాల. పక్కగోడకు ఆనించి పేర్చిన వంటచెరకు, కొబ్బరి మట్టలు. వెనకవైపు మొక్కలకు నీడగా ఆకుపచ్చ షేడ్ నెట్. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఫొటోలు కూడా తీసుకున్నారు.

స్లాబు ఎందుకు వేయలేదంటే, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, నేను కట్టించిన స్లాబు ఇళ్ళల్లో మే నెల మధ్యాహ్నం పూట కూర్చోవడం నావల్ల కాదు. జనానికీ కాలేదు. కాలనీ పూర్తయి తాళాలిచ్చిన ఏడాదికే ప్రతి ఇంటి ముందూ సర్వి బాదులు పాతి తాటాకు పంచ దించేవాళ్ళు. వంట అక్కడే, వలలు అక్కడే, పడక అక్కడే. "మిద్దె ఇస్తే మళ్ళీ తాటాకేందమ్మా, నిప్పంటుకుంటే ఎవరు దిక్కు?" అని నేను కసిరేవాణ్ణి. ఒక పాలెంలో ఒక ముసలామె చేపలు ఆరబెడుతూ తల కూడా ఎత్తకుండా, "వానకయితే మిద్దె బాగుండాది సార్. ఎండకేమిచ్చారు మాకు?" అంది. జవాబు చెప్పలేక జీపెక్కాను. ఆ ప్రశ్న నా డిజైను మీద వేసింది. నేను మాత్రం అది ఆమె మొండితనం అనుకున్నాను. తర్వాత ఆమె చేసిన పనే, ఆమెకున్న ఇబ్బంది లేకుండా, అందం కోసం చేశాను.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో శాన్ హోసే దగ్గర ఉంటుంది. 2020 ఆగస్టులో వాన లేని పిడుగులు పడి ఆ చుట్టుపక్కల కొండలు అంటుకున్నాక, ఇన్సూరెన్సువాళ్ళు ఇల్లు చూసి వెళ్ళారట. గోడకు పాకిన తీగ పీకించింది, కిటికీ కింది పొదలు తీయించింది, గోడ చుట్టూ అయిదడుగుల మేర రాళ్ళు పరిపించింది. "నాన్నా, మీ ఇంటికీ ఆ కట్టెలు దూరంగా పెట్టించండి" అని ఫోనులో పదే పదే చెప్పింది. "మీవి అట్టపెట్టెల ఇళ్ళమ్మా, మాది ఇటుకా సిమెంటూ. పైగా పడమట కాలవ ఉంది. నీళ్ళు దాటి నిప్పు రాదులే" అన్నాను. అమెరికా చెక్క ఇళ్ళను చూసి నవ్వడం మనవాళ్ళలో చాలామందికి ఉన్న అలవాటే. ఇంజనీరు డిగ్రీ ఉన్నవాడు నవ్వితే ఆ నవ్వుకు అధికారం కూడా తోడవుతుంది.

పంచ కప్పించింది కర్తరిలో. మే 4 ప్రాంతంలో డొల్లు కర్తరి, 11 నుంచి నిజ కర్తరి, 28 దాకా. ఆ రోజుల్లో ఇల్లు ఎత్తుకోకూడదని, కప్పు వేయకూడదని పంచాంగం చెబుతుంది. అప్పుడు సూర్యుడుండే కృత్తికకు అధిదేవత అగ్ని. తాటాకు కప్పే అతను రానన్నాడు. పట్టుబట్టి రప్పించాను. నిప్పుకూ ఆ ముహూర్తానికీ సంబంధం ఉందని ఇప్పుడూ అనను. కానీ ఏడాది మొత్తంలో ఆకు పెళపెళ ఎండిపోయి పడమటి గాలి కొట్టే రోజులవేనని ఆ పంచాంగం రాసినవాడికి తెలుసు. నాకు తెలిసీ పట్టలేదు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మా తీరం వెంబడే పైకి వెళ్ళి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. తోపులో చాలా చెట్లు విరిగిపడ్డాయి. లావు మొద్దులు పుల్లల వ్యాపారి తీసుకుపోయాడు, రెమ్మా చెత్తా వదిలేశాడు. సర్వి ఆకు పచ్చిగా ఉన్నప్పుడే పీచులాగా ఉంటుంది. రాలి ఎండిందంటే అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు, బీడీ ముక్క చాలు. పాలెం ఆడవాళ్ళు పొయ్యికోసం దాన్ని ఊడ్చుకుపోయినన్నాళ్ళూ తోపులో నేల శుభ్రంగా ఉండేది. గ్యాసు వచ్చాక ఊడ్చేవాళ్ళు తగ్గారు, కింద పరుపు మందమెక్కింది. తుపాను చెత్త వేసవికి వంటచెరకవుతుందన్న ఆలోచన తుపాను పనుల్లోనే బతికిన నాకు రాలేదు.

మరుసటి వేసవి, కాలవకు పడమట మాగాణిలో కోత మిషను వదిలేసిన దుబ్బులకు ఎవరో నిప్పు పెట్టారు. మధ్యాహ్నం గాలి మళ్ళింది. గట్టు మీది గడ్డి పట్టుకుంది, అక్కణ్ణుంచి కాలిన గడ్డి పరకలు కాలవ మీదుగా ఎగిరొచ్చి తోపులో పడ్డాయి. ముందుజాగ్రత్తగా కరెంటు ఆపేశారు, దాంతో నా బోరు మోటారు మూగబోయింది. ఫైరింజన్ వచ్చేలోపు పాలెం కుర్రాళ్ళు పచ్చి రెమ్మలు విరిచి మంటను కొట్టుకుంటూ వచ్చారు. నిజానికది మోకాలెత్తు మంట. తోపు అవతలి అంచునే, ఇంటికి చాలా దూరంలోనే ఆగిపోయింది. వాళ్ళకు మజ్జిగ ఇవ్వాలని వెనక్కి తిరిగితే, మంట రాని వైపు, ఇంటి నడినెత్తిన పెంకుల సందుల్లోంచి పొగ. మరో పక్క పంచ భగ్గుమంది. మనుషులకేమీ కాలేదు. ఇల్లు మాత్రం గోడలే మిగిలాయి.

బూడిద చల్లారాక పాత అలవాటుకొద్దీ తనిఖీ చేశాను. పంచ మీద పడ్డ రవ్వ ఎలా పనిచేసిందో అడగక్కర్లేదు. మంట పైకి లేచి చూరు కిందికి దూరింది. చూరు దగ్గర గోడకూ పెంకుకూ మధ్య ఖాళీని గాలి ఆడాలని నేనే మూయించలేదు. పెంకుల కింద మాత్రం వేరే కథ. బంగళా పెంకు కాలదు, నిజమే. కానీ పెంకుకూ పెంకుకూ మధ్య సందుల్లో ఏళ్ళ తరబడి సర్వి ఆకు చేరింది, పిచ్చుకలు గూళ్ళు పెట్టాయి, కింద ఎండిన రీపర్లున్నాయి. కాలని పెంకు కింద కాలే కప్పు దాచుకున్నాను. పక్కగోడ దగ్గర కట్టెల మోపు చాలాసేపు మండి కిటికీ అద్దాన్ని పగలగొట్టింది, నైలాను దోమతెర అంతకుముందే కరిగిపోయింది. షేడ్ నెట్ కరిగి బొట్లుబొట్లుగా కారి, తాను పడ్డచోటల్లా అంటించింది. పైనున్న ట్యాంకునిండా నీళ్ళే ఉన్నాయి, కిందికి తెచ్చే పైపు ప్లాస్టిక్కు.

అప్పుడు కూర్చుని అమ్మాయి పంపినవి చదివాను. జాక్ కోహెన్ అని అమెరికా అటవీశాఖలో నిప్పు మీద పరిశోధన చేసినాయన. కెనడాలో నిజమైన అడవికి నిప్పు పెట్టి, దానికెదురుగా చెక్క గోడలు నిలబెట్టి చూశారు. పది మీటర్ల దూరంలో ఉన్నవి కొన్ని అంటుకున్నాయి, ఇరవై మీటర్ల దూరంలోవి అంటుకోలేదు. చెట్ల మీది మంట పెద్దదే గాని ఒకచోట ఎక్కువసేపు నిలవదు, ఆ కాసేపట్లో గోడ అంటుకునేంత వేడెక్కదు. ఇళ్ళను కాల్చేది ఎక్కువగా గాల్లో ఎగిరొచ్చే రవ్వలూ, అవి గోడవార అంటించే చిన్న మంటలూ. అందుకే కాలిపోయిన ఊళ్ళ ఫొటోల్లో ఇల్లు బూడిదై, పక్కన చెట్టు పచ్చగా నిలబడి కనిపిస్తుంది. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలో పారడైజ్ అనే ఊరు కాలింది. 85 మంది పోయారు, 18,000కు పైగా కట్టడాలు పోయాయి. అక్కడ 2008లో వచ్చిన నిబంధనల తర్వాత కట్టిన ఇళ్ళలో దాదాపు సగం చెక్కుచెదరలేదని, అంతకుముందువాటిలో అయిదింట ఒకటి కూడా అలా మిగల్లేదని పత్రికలవాళ్ళు లెక్క తీశారు. ఆ నిబంధనల్లో పెద్ద మాయేమీ లేదు. కప్పు కాలకూడదు, గాలిరంధ్రాలకు సన్నని లోహపు జల్లెడ ఉండాలి, చూరు మూసి ఉండాలి, అద్దం వేడికి తట్టుకోవాలి. గోడవార అయిదడుగుల ఖాళీ మాట తర్వాత 2020లో చట్టంలోకి వచ్చింది. అంటే అట్టపెట్టె ఇళ్ళవాళ్ళు సందులు మూసుకుంటున్నారు. ఇటుక గోడల నేను సందులు తెరిచిపెట్టి గోడను చూసుకుని మురిశాను.

ఇంకో సంగతి నన్ను మరీ నొప్పించింది. ఈ తెలివి కొత్తదీ కాదు, పరాయిదీ కాదు. మా అమ్మమ్మ వాళ్ళ తాటాకింట్లో దూలాల మీద దంతెలు పేర్చి, పైన జానెడు మందాన మట్టి మెత్తిన అటక ఉండేది. పై కప్పు కాలి కూలినా గదిలోకి నిప్పు దిగకూడదు, గాదె మిగలాలి. ఎండాకాలం పొద్దెక్కేలోపే వంట ముగించి పొయ్యి మీద నీళ్ళు చల్లేది, పడమటి గాలి లేచాక ఇంట్లో నిప్పుండేది కాదు. 2016 ఏప్రిల్లో బీహార్ ప్రభుత్వం పల్లెల్లో పగలు తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా పొయ్యి వెలిగించొద్దని చెప్పినప్పుడు టీవీలో అందరూ వింతగా చెప్పుకున్నారు. మా అమ్మమ్మ విని ఉంటే అందులో వింతేముందనేది. ఇక రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, తారు కలిపిన మట్టిని తాటాకు, గడ్డి కప్పుల మీద మెత్తి నిప్పుకూ వానకూ తట్టుకునేలా చేసే పద్ధతి ఎన్నడో తయారుచేసింది. దాని మీద శిక్షణ కాగితాలు నా బీరువాలోనే ఉండేవి. పాక అంటే తీసేయాల్సిందే అనుకున్నవాడికి పాకను బాగుచేసే కాగితం ఎందుకు కనిపిస్తుంది?

తిరిగి కట్టాను. ఈసారి స్లాబు వేసి, దాని మీద సిమెంటుతో పెంకులు పరిపించి సందులు పూడ్పించాను. వేడి కొంత తగ్గింది, రవ్వకు దారి లేదు. చూరు కింద సిమెంటు బోర్డుతో మూయించాను. ఇది తుపానుకూ మంచిదే, గాలి కప్పు కిందికి దూరి లేపదు. నిప్పూ గాలీ ఒకే మాట చెప్పే చోటు ఇదొకటే అనుకుంటాను. చెట్ల దగ్గర మాత్రం వాటికి పడదు. తోపు కొట్టేయమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. సముద్రపు గాలికి అడ్డం ఆ తోపే గదా, కొట్టించను. వేసవి ముందు ఇరవై మీటర్ల మేర కింది ఆకు ఊడ్పిస్తాను, మొదట్లో వేలాడే రెమ్మలు నరికిస్తాను. వెంటిలేటర్లకు మూడు మిల్లీమీటర్ల స్టీలు జల్లెడ పెట్టించాను. పిచ్చుకలకు కష్టమే, వాటికి గూళ్ళు కంపచెట్టు దగ్గర కట్టాను, అవింకా రాలేదు. గోడ చుట్టూ కంకర. కట్టెలు స్థలం ఆ మూలన. ట్యాంకు నుంచి ఇనప పైపు, దానికి గట్టి గొట్టం, కరెంటు లేకపోయినా నీళ్ళొచ్చేలా. నీడకు ఇనప చట్రం మీద సిమెంటు రేకుల పందిరి, ఇంటికి అంటకుండా విడిగా. మా ఆవిడకు అది నచ్చలేదు, రేకు కింద వేడని తిడుతుంది. తిట్లు న్యాయమే.

ఈ సంబరమంతా చూసి, ఆనాడు మంట కొట్టిన కుర్రాళ్ళలో ఒకతను, బోటు నడుపుతాడు, వాళ్ళ పంచ చూడమని పిలిచాడు. పంచ కింద నైలాను వలల గుట్ట, ఇంజను ఆయిల్ డబ్బాలు, గ్యాసు పొయ్యి. అయిదడుగుల ఖాళీ సంగతి మొదలుపెట్టాను. "మీకుండాది సార్ అయిదడుగులు. మా గోడకీ పక్కింటి గోడకీ మధ్య నేను అడ్డంగా నడవాల" అన్నాడు. సెంటున్నర స్థలాల్లో ఇళ్ళు కట్టించిన నాకు ఆ మాట చెప్పాల్సినవాడు అతనే. ఇంటి చుట్టూ ఖాళీ లేనప్పుడు నీ గోడవార ఉన్నది పక్కింటి పంచ. నువ్వొక్కడివే రేకులు వేసుకుంటే ఏం లాభం? వరస మొత్తం కలిసి చేయాలి, లేదా చేసినట్టు కాదు. వలలకు వీధి చివర ఒకే షెడ్డు, ఆయిల్ డబ్బాలకు దాని పక్కన ఇటుక అర, పంచలన్నిటికీ ఒకే ఎత్తున రేకులు, మధ్య మధ్య తెంపు. కాగితం మీద గీసిచ్చాను. ఖర్చు చూసి కాసేపు గొణిగారు, తర్వాత చాలామంది సరేనన్నారు. పడమటి గాలి ముందుగా తగిలే చివరి ఇంటాయన మాత్రం పోయిన ఏడే కొత్త తాటాకు కప్పించుకున్నాడట. అది చివికేదాకా, ఇంకో రెండేళ్ళు, ఆగమంటున్నాడు.