పెర్త్‌లో నిజాం, రాజోల్లో కొబ్బరితోట

పెర్త్‌లో మా గోదావరి వాళ్ళు నలుగురు కలిస్తే మాట చివరికి ఆస్తుల మీదికే పోతుంది. ఒకరిది రాజోలు దగ్గర కొబ్బరితోట, ఒకరిది అమలాపురంలో తాతలనాటి పెంకుటిల్లు, ఇంకొకరిది కొత్తపేటలో తెగని గట్టు తగాదా. అవి వింటుంటే, ఇదే పశ్చిమ ఆస్ట్రేలియాలో ఏళ్ళ తరబడి బతికిన ఎనిమిదో నిజాం ముకర్రం ఝా గుర్తొస్తాడు.

మా ఊళ్ళున్న కోనసీమకీ నిజాంకీ ఏం సంబంధం అంటారా? ఉందండి. 1766లో ఉత్తర సర్కారుల్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేదాకా మన లంకల మీద పేరుకైనా ఏలుబడి నిజాందే. ఆ తర్వాత కూడా కంపెనీ నిజాంకి పేష్కష్ అనే కప్పం చెల్లించేది. 1823లో ఏకమొత్తంగా సొమ్ము ముట్టజెప్పి ఆ లంకె తెంచేసుకుంది.

ముకర్రం ఝా పుట్టుకే ప్రవాసంలో. తల్లి దుర్రె షెహ్వార్ తండ్రి ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్. 1924లో తుర్కియే ఆయన్ని వెళ్ళగొడితే ఫ్రాన్స్‌లోని నీస్‌లో తలదాచుకున్నాడు. 1931లో అక్కడే ఆమెకి నిజాం పెద్దకొడుకు ఆజం ఝాతో నిఖా జరిగింది. 1933లో అక్కడే ముకర్రం పుట్టాడు. తాత ఉస్మాన్ అలీ ఖాన్ ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరు మోసినవాడు. కొడుకుని పక్కనపెట్టి మనవడికే వారసత్వం ఇచ్చాడు.

1967లో చౌమహల్లా ప్యాలెస్‌లో పట్టాభిషేకం అయ్యేనాటికి రాజ్యం పోయి పద్దెనిమిదేళ్ళు దాటింది. మిగిలినవి ప్యాలెస్‌లు, నగలు, కోర్టు కేసులు, పద్నాలుగు వేలకు పైగా సిబ్బంది, ఆశ్రితులు. షాండ్లియర్లు తుడవడానికే 38 మంది ఉండేవారట! 1971లో రాజభరణాలు కూడా రద్దయ్యాయి. ఎవరూ తరమకుండానే ఆయన ఇటు వచ్చేశాడు. పెర్త్‌కి ఉత్తరాన కాల్‌బారీ దగ్గర మర్చిసన్ హౌస్ అనే గొర్రెల క్షేత్రం కొన్నాడు. దాదాపు అయిదు లక్షల ఎకరాలు. దర్బారు కంటే బుల్డోజరు మీదే ఆయనకి మక్కువ.

కాల్‌బారీ చూశాను. ఎర్రమట్టి, ముళ్ళపొదలు, లోయ అడుగున సన్నటి నది. కాలవ గట్టున పెరిగిన నాకు ఆ నేల చూస్తేనే నోరెండిపోయింది. ఆయనకి మాత్రం అక్కడే ఊపిరాడింది. సలాములు చేసేవాళ్ళు లేరు, చెయ్యిచాచే చుట్టాలు లేరు.

అక్కడ హైదరాబాద్‌లో మాత్రం పెత్తనం అప్పజెప్పిన మనుషుల చేతుల్లో పడి ప్యాలెస్‌లు పాడుపడ్డాయి, సామాన్లు మాయమయ్యాయి. ఇక్కడ అప్పులు పెరిగి గొర్రెల క్షేత్రమూ చేజారింది. 1990ల్లో తుర్కియే చేరి, చివరికి అక్కడే ఒక ఫ్లాట్‌లో కాలం గడిపాడు.

చక్కదిద్దింది మొదటి భార్య ఎస్రా. ఎప్పుడో విడాకులు తీసుకున్న ఆవిడే తిరిగొచ్చి, వందలమంది వారసుల తగాదాల మధ్య కూర్చుని లెక్కలు తేల్చింది. చౌమహల్లాని బాగుచేయించి జనానికి తెరిపించింది. ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో తాజ్ హోటల్ అయింది. నగలను మాత్రం అంతకుముందే, 1995లో, కేంద్రం 218 కోట్లకి కొనేసింది.

2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో ఆయన పోయాడు. మా వాట్సాప్‌లో సంక్రాంతి ప్రభల తీర్థం ఫోటోల మధ్య ఆ వార్త చూశాను. ప్రభుత్వ లాంఛనాలతో మక్కా మసీదులో ఖననం చేశారు. ఆ తర్వాత పెద్దకొడుకు అజ్మత్ ఝా ఒకవైపు, బంధువర్గం నిలబెట్టిన మరొకరు ఇంకోవైపు, తొమ్మిదో నిజాం ఎవరన్నదానిపై రెండు మాటలు వినిపించాయి.

మొన్న బాబాయికి ఫోన్ చేసి కొబ్బరి దింపు సంగతి అడిగాను. "ఒరేయ్ అబ్బాయ్, దింపుకొచ్చినోడు ఎన్ని కాయలంటే అన్నే. చెట్టు కింద నిలబడేవోడుంటే లెక్కుంటది" అన్నాడు. నిజాం కథంతా ఆ ఒక్క మాటలో ఉంది. దూరం వెళ్ళడం ఆయన తప్పు కాదు. లెక్కలు తేల్చకుండా వెళ్ళడమే తప్పు.

ప్రవాస మిత్రులారా, ఊరి మీద మమకారం ఉంటే ఉండనీండి. కానీ పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే ఏ పనికి, ఎంతకాలానికి అన్నది అందులో రాయించండి. వీలునామా రాసి రిజిస్టరు చేయించండి. చేసుకోలేని తోటని చేసుకునేవాళ్ళకి మీ చేతులతోనే అప్పజెప్పండి. తగాదా తీర్చడానికి ప్రతి ఇంట్లోనూ ఒక ఎస్రా ఉండదు.