మైదుకూరు మజిలీ

గడచిన వేసవిలో మేము నంద్యాల నుండి బద్వేలునకు కారులో ప్రయాణమైతిమి. ఆనాడు మా తండ్రిగారి సంవత్సరీకము. మధ్యాహ్నమునకు ముందే మా అన్నగారి యిల్లు చేరవలెను. బండిలో మావారును, డెబ్బదియేండ్ల మా అత్తగారును, మా చిన్నవాడును ఉండిరి.

ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు దాటితిమి. ఈ సీమ యంతయు మెట్టయే యని దూరపువారు తలంతురు. కాని యీ ప్రాంతమునకు కర్నూలు-కడప కాలువ ప్రాణము. సుంకేసుల యొద్ద తుంగభద్ర నీటిని గైకొని వచ్చు ఈ కాలువను 19వ శతాబ్దమున మద్రాసు ఇరిగేషను కంపెనీవారు త్రవ్వించిరి. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. నీరు వచ్చినయేట వరియు, పసుపును పండును. మేము పోవునాటికి కాలువ యెండియుండెను.

మైదుకూరు కనుచూపు మేరలో నుండగా మా బండి రెండుమార్లు కుదిపి, వేగము తగ్గి, దారి ప్రక్కన నిలిచిపోయెను. అరగంట చల్లాఱిన పిమ్మట మరల కదలెను. ఎట్లో కూడలి చేరితిమి. అచ్చట ఉత్తరమునకు కర్నూలు, దక్షిణమునకు కడప, పడమటికి ప్రొద్దుటూరు, తూర్పునకు బద్వేలు దారులు చీలును. బద్వేలు దారి కొండలలో ఘాటు నెక్కి పోవును.

నిజమునకు బండి పదిదినముల నుండియు చెప్పుచునే యుండెను. తాళపుచెవి త్రిప్పినంతనే వెనుక సీటు క్రింద రెండు మూడు క్షణములు వినవచ్చు సన్నని గుయ్యిమను ధ్వని కీచుగా మాఱెను. ఉదయమున సెల్ఫు చాలసేపు కొట్టినగాని ఇంజను అందుకొనదయ్యెను. మిట్ట యెక్కునపుడు పికప్పు తగ్గుచుండెను. మేమొకమాఱు చెప్పితిమి, మావారు పెట్రోలు కల్తీ యనిరి. బండిమాట పురుషులకే తెలియునని మేమూరకుంటిమి. అది మా తప్పు.

మెకానికు మొదట చెవియొగ్గి వినెను. తరువాత ఫ్యూజును, రిలేను పరీక్షించెను. పిమ్మట గేజి తగిలించెను. ముల్లు లేచినట్లే లేచి జారిపోయెను. చివరి మడికి నీరందనపుడు రైతు తూమును, కాలువను వరుసగా చూచుకొనునట్లే యతడును చూచెను. ఫిల్టరు పూడినను ఇట్టి గుర్తులే కనబడును గనుక, గేజి చూడకయే పంపు మార్చుట తగదట.

పూర్వపు అంబాసిడరు కార్లలో ఈ పంపు ఇంజను ప్రక్కనుండెడిది. ఇప్పటి పెట్రోలు కార్లలో అది టాంకిలోనే మునిగియుండి కరెంటుతో నడచును. చుట్టునున్న పెట్రోలే దానిని చల్లబఱచును. మేము పొదుపని యెంచి ఎప్పుడును కొలదిపాటి పెట్రోలుతోనే బండి నడుపుకొనుచుంటిమి. ఆ పొదుపే పంపును వేడెక్కించి ఆయువు తగ్గించినది కాబోలు!

“సారూ, ఇప్పుడు చల్లగా ఉంది కాబట్టి స్టార్టయితాది. ఘాటెక్కితే మళ్లా నిలబడిపోతాది. పెద్దమ్మను పెట్టుకొని పోవద్దు” అనెను మెకానికు.

మావారు గడియారము చూచుకొని సందేహించిరి. ఇంజను మ్రోగుచునే యున్నది. కార్యమునకు వేళ సమీపించుచున్నది. మాకును తండ్రిగారి రూపమే కన్నుల యెదుట నిలిచెను. అయినను ఈమాఱు మేమూరకుండలేదు. “నడికొండలో, ఈ యెండలో అత్తయ్యగారితో నిలిచిపోవుట కంటె ఆలస్యముగా చేరుటయే మేలు. బస్సులో పోవుద”మంటిమి. “కోడలి మాట విను నాయనా” అనిరి అత్తగారు. బండి నచ్చటనే విడిచి బస్సెక్కితిమి.

మేము చేరునప్పటికి పిండప్రదానము కాలేదు. అన్నగారు వాకిట నిలిచి మాకై యెదురుచూచుచుండిరి. మాకు కన్నీరాగలేదు.

మఱునాడు కడప నుండి కొత్త పంపు తెప్పించి బిగించిరి. చెల్లెండ్రారా! పొయ్యిమీది యెసరు పొంగునో లేదో చప్పుడును బట్టియే యెఱుగుదుము గదా. బండి చప్పుడును అట్లే వినుడు. టాంకి పావువంతునకు దిగకమునుపే పెట్రోలు పోయించుకొనుడు. ఆ భాగములను మీరు విప్పబోకుడు. పెట్రోలు చెంత నిప్పు చేరనీయకుడు. గుర్తు కనబడిననాడే చెప్పుడు. వినకున్న మరల చెప్పుడు.