టికెట్ రేటు మీద కోపం సరే, దొంగ లింకు మీద ఈ ప్రేమేంటి?

2025 నవంబరులో కూకట్‌పల్లిలో, పైరసీ సినిమాల సైటు ఐబొమ్మను నడిపాడంటూ ఒకర్ని అరెస్టు చేసినప్పటి నుంచి నాకు ఇదే గొడవ. "పేదోడికి సినిమా చూపించాడు, నీకేం నొప్పి?" అంటారు. జవాబు చెప్తే నిర్మాత దగ్గర ఎంత తీసుకున్నావంటారు. ఆ తర్వాత బూతులే.

టికెట్ రేట్ల మీద కోపం న్యాయమైనదే. మా కొత్తగూడ చుట్టుపక్కల మల్టీప్లెక్సులకు నలుగురు వెళ్లి పాప్‌కార్న్ కూడా కొంటే జేబు ఖాళీ. పెద్ద సినిమా వస్తుందంటే చాలు, రేటు పెంచుకోమని జీవో. అడగాల్సిందే.

కానీ ఇలాంటి సైట్లలో ప్లే నొక్కితే ఏమవుతుందో చూశారా? ముందు ఇంకో ట్యాబ్ తెరుచుకుంటుంది, అందులో బెట్టింగ్ యాప్. అది మూసి మళ్లీ నొక్కితే ఇంకోటి. సైటు నడిపేవాళ్లకు డబ్బు అక్కడి నుంచి వస్తుంది. ఆ యాప్‌లో జీతం పోగొట్టుకునేది కూడా ఆ పేదోడి కొడుకే కదా!

"అత్తారింటికి దారేది లీకైనా హిట్టయింది" అని ఇంకో వాదన. నిజమే, 2013 సెప్టెంబరులో విడుదలకు ముందే గంటన్నర సినిమా బయటికొచ్చింది, అయినా జనం హాళ్లకు పోటెత్తారు. అక్కడున్నది పవన్ కల్యాణ్. కొత్తవాళ్లతో, అప్పు తెచ్చి తీసిన సినిమాకు ఆ జనం ఎక్కడి నుంచి వస్తారు? మొదటి వారాంతం పోతే దానికి రెండో వారం ఉండదు.

రేట్లు తగ్గించమని అర్జీ పెడదామంటే చెప్పండి, మొదటి సంతకం నాది. లింకు మాత్రం నాకు పంపొద్దు.