అత్తిలి షష్ఠిలో నొక రాత్రి

నిడదవోలునుండి భీమవరము పోవు పాసింజరు బండిలో తణుకు దాటిన పిమ్మట వేల్పూరు, రేలంగి, తరువాత అత్తిలి. మార్గశిరమాసమున నీ దారి చూడదగినది. కొన్ని చేలు పండి పసుపువన్నెగా నుండును. కొన్నింట కోతలై పనలు పడియుండును. రేలంగి స్టేషను పలక కనబడగనే మా వదినెగారు ఫక్కున నవ్విరి. హాస్యనటులు వెంకట్రామయ్యగారి యింటిపేరది. 1957 నాటి మాయాబజారులో వారి లక్ష్మణకుమారుని జూచి నవ్వనివారుందురా? తాడేపల్లిగూడెమున తమ పేర చిత్రమందిరమునుగూడ వారు కట్టించిరి. ఇట్టి సంగతులన్నియు వదినెగారికి కంఠోపాఠములు. ఆ నవ్వు విని నా ప్రాణము కొంత కుదుటపడినది. ఏలనన, వారము దినములుగా వారు నాతో ముక్తసరిగా మాటలాడుచుండిరి.

తప్పు నా నోటిది. ముందటి ఆదివారము ఇంట టెలివిజనులో శంకరాభరణము చూచితిమి. 1980 ఫిబ్రవరి 2వ తేదీన విడుదలయైన యా చిత్రమును తీసిన కె. విశ్వనాథ్‌గారు 2023లో సరిగా నదే తేదీన పరమపదించిరి. మరి రెండు దినములకే, అందు పాడిన వాణీజయరాంగారును పోయిరి. ఆ మాట చెప్పుచు వదినెగారు కన్నుల నీరు పెట్టుకొనిరి. చిన్ననాట నాలుగేండ్లు సంగీతము నేర్చినదాన నను గర్వముతో నేను, "ఎంతైనా సినిమా సంగీతమే కదా వదినా! కచ్చేరీలు విన్నవాళ్లకు ఇది ఆనుతుందా?" అంటిని. వారు మారుపలుకక వంటయింటిలోనికి పోయిరి.

పెండ్లియైనది మొదలు వదినెగారు కచ్చేరీకి పోయి యెరుగరు. పోవుటెట్లు? వర్ణము మొదలగు వేళకు పొయ్యి వెలుగవలెను. మృదంగము తని వాయించు వేళకు విస్తళ్లు వేయవలెను. మంగళము పాడువేళకు గిన్నెలు. సినిమాకైన మధ్యాహ్నపు ఆట యున్నది. ఈ లెక్క నాకు అంతవరకు తోచనేలేదు.

అత్తిలిలో సుబ్రహ్మణ్యషష్ఠి గొప్ప పండుగ. స్వామివారి దర్శనము చేసికొని తీర్థములోనికి వచ్చితిమి. జీళ్లు, ఖర్జూరము, గాజులు, పిల్లల బూరలు. రాత్రి ఒక పందిటిలో మాండలిను కచ్చేరీ. కొంత యెడముగా మరియొక వేదికపై సినిమాపాటల మేళము. వాయించువాడు ఇరువదేండ్లు నిండని బాలుడు.

ఈ సీమలో మాండలిను చేతబట్టిన ప్రతి బాలునికిని వెనుక నొక పెద్ద నీడ యుండును. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాసుగారిది యా నీడ. వారి గురువులు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిను వాయించుట రాదట. వారు పాడుచుండగా శిష్యుడు తీగలపై దానిని పలికించెడివాడు. జంటలుగా ఎనిమిది తీగలుండు ఆ పాశ్చాత్యవాద్యమునకు ఐదు ఒంటితీగలు కట్టి, విద్యుత్తు జోడించి, గమకమును లొంగదీసిరి. 1978లో గుడివాడలో మొదటి కచ్చేరీ చేయునప్పటికి వారికి తొమ్మిదేండ్లు. 2014లో నలువదియైదేండ్లకే గతించిరి.

మా బాలుడు మూడవ కీర్తనలో నుండగా తీగ తెగినది. క్రొత్తతీగ చుట్టి శ్రుతి చేయునంతలో ఆవలి వేదికనుండి డోలుచప్పుడు మిన్నుముట్టినది. జనము లేచినది. సగము కుర్చీలు ఖాళీ. ఆ బాలుడు తలయెత్తి చూచి, మరల తల వంచుకొని మరను త్రిప్పుకొనుచుండెను. శంకరశాస్త్రిగారిని జనము విడిచిపోవుట తెరపై చూచి నేను నిట్టూర్చితిని గాని, యెదుట జరుగునప్పుడు గుండె పట్టినట్లయినది.

"సినిమాలో తీగ తెగడం చూపించరు, అమ్మాయీ," అనిరి వదినెగారు మెల్లగా. "చూపించినా వెంటనే కట్టేస్తారు."

తరువాత రాగము మొదలైనది. నేను కాంభోజి యనుకొని తల యూచుచుంటిని. వదినెగారు నా మోచేతిని తాకి, "ఇది ఖమాసు కదూ? వాసుదేవాచార్యులవారి కీర్తన వస్తుంది చూడు. సినిమాలో వాణీజయరాం పాడిందే," అనిరి. నిముషము తిరుగకముందే ఆ కీర్తనయే వచ్చినది. నాలుగేండ్ల చదువు నా చేత అబద్ధము పలికించినది. మధ్యాహ్నపు ఆటలు వారి చేత నిజము పలికించినవి. చీకటిలో నా మొగ మెవరికిని కనబడలేదు, అదృష్టము.

"బాలసుబ్రహ్మణ్యంగారు మాత్రం శాస్త్రీయం క్రమంగా నేర్చుకున్నారా? సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరు," అని చిరునవ్వు నవ్విరి. ఆ మాట వారమునుండి నాకొరకు దాచియుంచిన దని తెలిసికొంటిని. "తప్పయింది వదినా," అంటిని.

తొమ్మిదిన్నరకు వారి సంచిలో ఫోను మ్రోగెను. మా అన్నయ్య. పెరుగు ఎక్కడ నున్నదో కనబడలేదట. వదినెగారు చేరలోని స్థలము చెప్పి ఫోను కట్టివేసి మరల చెవి యొగ్గిరి. మంగళమైనదాక లేవలేదు. చివరకు మిగిలినవారిలో ముప్పాతిక మంది స్త్రీలే. ఆ బాలుడు వేదిక దిగి వచ్చి, ముందువరుసనున్న మాకు నమస్కరించెను. వదినెగారు పర్సులోని జీళ్లపొట్లము వాని చేతిలో పెట్టిరి.

రైలు దాటిపోయినది. తణుకువరకు ఆటోలో, అటుపై బస్సులో, తెల్లవారుజామున ఇల్లు చేరితిమి. గిన్నె లట్లే యున్నవి. పొయ్యిమీద అన్నయ్య పెట్టిన చారు, ఉప్పు మరచినారు.